నిలబడి తినేవాళ్ళు

లార్సి సరిహద్దు దగ్గర లారీల బారు,
మంచులో మొద్దుబారిన గొంగళిపురుగు.
నోదర్ మాత్రం కిందికి దిగి
చక్రానికి భుజం ఆన్చి రొట్టె కొరుకుతాడు.
ఎవరడిగినా "నడుం నొప్పి" అంటాడు.
నడుముకి జానెడు కిందే కదా,
పెద్ద అబద్ధమేం కాదు.

కాగితం మీద నెత్తుటి చారిక చూసిన రోజు
తండ్రిని తీసుకుపోయిన జబ్బే అనుకున్నాడు.
లారీ మీద ఇంకా ఎన్ని కిస్తీలున్నాయో లెక్కేశాడు.
లమారాతో ఒక్క ముక్క అనలేదు.
పొద్దున్నే ఆ చిన్న గది తలుపు
అప్పులవాడి గుమ్మంలా కనిపించేది:
రేపు పోదాంలే, రేపు.
బిగపట్టిన కొద్దీ రాయి అయింది,
రాయి అయిన కొద్దీ చీరింది,
చీరిన కొద్దీ బిగపట్టాడు.

తిబిలిసి. ఆ ఊరి పేరులోనే వెచ్చదనం ఉంది.
డాక్టర్ ఎతేరి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
"చీలిక. బియ్యపు గింజంత" అంది.
"అంతేనా?" అన్నాడు, కాస్త అవమానపడి కూడా.
"గాయం చిన్నదే. పక్కనున్న కండరమే
జడుసుకుని పిడికిలి బిగించింది.
నెత్తురందక అది అతకడం లేదు.
ఆ పిడికిలిని బెదిరించి విప్పలేం,
బుజ్జగించాలి."

అలా వచ్చింది ఇంట్లోకి నీలం ప్లాస్టిక్ టబ్బు.
గోరువెచ్చని నీళ్ళు, పది నిమిషాలు.
"కాళ్ళకా?" అంది లమారా.
చెప్పేశాడు.
ఆమె చిక్కుడు గింజలు ఏరుతూ ఏరుతూ ఆగి
"జురాబ్ పుట్టాక నాకూ ఏడాది ఇదే" అంది.
ఒకే మంచం, ఒకే నొప్పి,
మధ్యలో పదహారేళ్ళ మర్యాద.

ఇప్పుడు సీటు వెనక ఎండు ప్లమ్‌పళ్ళు, నీళ్ళ సీసాలు.
తాగితే ఆగాలి, ఆగితే వరుసలో చోటు పోతుంది.
పోనీ.
పూత రాసుకుంటే తల పగులుతుంది,
కింది నొప్పి మేడ మీదికి ఎక్కిందని నవ్వుకుంటాడు.
పిలుపు వస్తేనే వెళ్తాడు, ముక్కడు,
ఫోను క్యాబిన్‌లోనే వదిలేస్తాడు.
నాలుగో వారం బావమరిది పెళ్ళిలో
మాంసం, ద్రాక్షసారా, నీటిబొట్టు లేదు.
మళ్ళీ మొదటికొచ్చింది.
మళ్ళీ టబ్బు నింపింది లమారా, తిట్టుకుంటూ.

ఎనిమిదో వారం. అదే లార్సి, అదే బారు.
నోదర్ కూర్చున్నాడు. ఊరికే, హాయిగా.
అద్దంలో వెనక లారీ ఆర్మేనియన్ కుర్రాడు
చక్రానికి ఆనుకుని
నిలబడి తింటున్నాడు.

దిగి వెళ్ళాడు.
"నడుం నొప్పి" అన్నాడు కుర్రాడు, అడగకముందే.

"ఎన్ని వారాలుగా?"
అన్నాడు నోదర్, మెల్లగా.