దమ్ముకు గిరాకీ లేదు

తొమ్మిదో క్లాసు పాఠంలో ఒక మాట తగిలింది: ప్లక్.
పువ్వు తెంపడం, కోడి ఈకలు పీకడం,
అంతవరకు నాకూ తెలుసు.
పాఠంలో మాత్రం ఒక పిల్లోడికి
అది నిండా ఉండాదని రాసుండాది.
రేపు చెప్తాలే అని
గంట కొట్టేదాకా నెట్టుకొచ్చినా.

జిల్లా గ్రంథాలయంలో
అట్ట ఊడిన లావు నిఘంటువు చెప్పింది:
ధైర్యం.
కసాయి కొట్టులో పుట్టి
బాక్సింగ్ బరిలో పెరిగిన మాట.
గొర్రె కడుపులోంచి ఒక్క గుంజుకు ఊడొచ్చేదేదో
దాని పేరే ఇది.
చదివినా. బొమ్మ కట్టలేదు.

ఆదివారం, చిత్తూరు సంతపేట.
జమ్రుత్‌బీ కొట్టు.
మొగుడు పోయినాక నాలుగు నెలల పది దినాలు
గడప దాటకుండా కూర్చుని
మర్నాడు చీకటితోనే షట్టరెత్తిన మనిషి.
ఆడమనిషి తూచిన కూర ఎవరు తింటారని
ఎదురు కొట్టోళ్లు వక్కాకు నమిలిన రోజులు
నాకు గుర్తే.
నేనూ రెండు వారాలు అటేపు పోలేదు.

"కాస్త ఉండు సార్" అని
కొక్కేనికి వేలాడే పొట్టేలు కడుపులోకి
మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి
లాగింది.
ఊపిరిగొట్టం, దాన్ని పట్టుకొని
నురగలాంటి ఊపిరితిత్తులు,
నడాన గుండెకాయ,
కింద నల్లగా జారే కార్జం,
ఒకే గుత్తి, ఇంకా వెచ్చగా.

దమ్ముంటే రా అని గోడల మీద రాస్తాం.
కలేజా ఉన్నోడంటాం.
గుండె గల మొనగాడంటాం.
మూడూ ఆమె పిడికిట్లో
నెత్తురోడుతూ ఊగుతుండాయి,
సముద్రాలకు అవతల ఏ కసాయోడో
మన మాటలే
ఒక్క మాటగా కట్టి కొక్కేనికి తగిలించినట్టు.

కార్జం ఒక పక్క, గుండె ఒక పక్క తూచి
ఊపిరితిత్తులు బకెట్లోకి విసిరింది.
"దమ్ముకు గిరాకీ లేదు సార్,
కుక్కలకే."
నవ్వుతుందేమోనని చూసినా.
చిల్లర లెక్కపెడుతోంది.

సోమవారం బోర్డు మీద మాట రాసి నిలబడినా.
మూడో బెంచీలో షంషాద్.
పక్కనోళ్లు వాసనంటూ జరిగి కూర్చుంటే
కిటికీకి అతుక్కుపోయే పిల్ల,
జమ్రుత్‌బీ కూతురు.
ఎట్ల మొదలుపెట్టాలో తెలీక
"అంతా ఒకేసారి ఎట్ల ఊడొస్తాదంటే..." అని
ఆగిపోయినా.

పిలవకుండానే లేచింది.
"ముందు గొంతుకాడ గొట్టం విడిపించాల సార్.
అది విడితే
మిగతాదంతా దాని ఎనకే వస్తాది."