నేల కష్టం

ఫిచ్‌బర్గ్ సిటీహాల్, రెండో అంతస్తు.
మంగళవారం రాత్రి, రేడియేటర్ టకటకలాడే గదిలో
గోడవారగా ఆరో కుర్చీ నాది.
జోనింగ్ బోర్డులో నేను ఆల్టర్నేట్‌ని.
అంటే ఐదుగురిలో ఎవరికైనా జలుబు చేస్తేనే
నా చెయ్యి చెల్లుతుంది.
ఈ రాత్రి పెల్కీ గారికి జలుబు.

కేసు నంబరు పద్నాలుగు. ఔనె కివెలా, డెబ్భై నాలుగేళ్లు.
(ఆ పేరులో ఒక ఔను ఉందని
గదిలో నాకొక్కదానికే తెలుసు.)
పెరట్లో సౌనా కట్టుకోవాలంది.
హద్దుకి పదడుగులు వదలాలని రూలు.
ఆమె ప్లానులో ఆరడుగుల మూడంగుళాలే.
అడుగుతున్నది మూడడుగులు, పైన కాస్త.

మూడడుగులు!
పొట్టివాడొకడు గొడుగేసుకొచ్చి అడిగిందీ ఇంతే.
ఇచ్చినాయన ఇంకా పైకి రాలేదు.
ఔనె కూడా పొట్టిదే.
తలుపు దగ్గర ఆనించిన ఆమె గొడుగు నుంచి
మంచునీళ్లు కారుతున్నాయి.

పాత సౌనా వాళ్ల నాన్న కట్టింది, సరిగ్గా ఆ చోటే.
కాలిపోయి మూడేళ్లు.
రెండేళ్లలోపు లేపి ఉంటే తాతలనాటి హక్కు మిగిలేది.
"ఎందుకు లేపలేదు?" అంది చైర్‌లో ఉన్న డెనీస్.
"చెల్లెలు పోయింది. కట్టాలనిపించలేదు.
ఇప్పుడనిపించింది."

డెనీస్ కళ్లజోడు సర్దుకుని, గొంతు తగ్గించి చదివింది.
కష్టం ఉంటే సడలించవచ్చు.
అయితే ఆ కష్టం నేలది కావాలి,
మట్టిదో, వాలుదో, స్థలం ఆకారానిదో.
మనిషిది పనికిరాదు.

మోకాళ్లు లెక్కలోకి రావు. చెల్లెలు రాదు.
శనివారం సాయంత్రం కాలిన రాళ్ల మీద
చెంబుడు నీళ్లు పోస్తే లేచే బుస్సు, అదీ రాదు.
మా వైపు గట్టు తగాదాల్లో నేలని ఎవరూ అడగలేదు.
పలుగులు మాట్లాడేవి, తర్వాత ప్లీడర్లు.
ఇక్కడ నేలనే సాక్షికి పిలుస్తారు.
అది వచ్చి చెప్పిన రాత్రి నేనింకా చూడలేదు.

అభ్యంతరం చెప్పడానికి పక్కింటి నార్మన్ థెరియో లేచాడు.
ఉన్నిటోపీ తీసి, కాగితం మడత విప్పి చదివాడు.
పొగ. మసి. భార్య ఆరేసిన దుప్పట్లు.
కంచెని ఆనుకుని కట్టెలు పేరిస్తే ఎలుకలు.
ఒక్కటీ అబద్ధం కాదు.
"ఇంకో నాలుగడుగులు లోపలికి జరగమనండి" అన్నాడు.
ఆగాడు.
కాగితంలో లేనిదేదో గుర్తొచ్చినవాడిలా తలెత్తాడు.

"జరగలేదులెండి. లోపలంతా బండ.
కంచె పక్కనే కాస్త మట్టి.
యాభైతొమ్మిదిలో మా నాన్నా వాళ్ల నాన్నా
రెండు గునపాలు విరగ్గొట్టుకున్నారు దాని మీద.
అందుకే అంచున కట్టుకున్నాడాయన."

డెనీస్ పెన్ను కదిలింది: బండ.
మా అందరికీ కావలసిన కష్టం
ఎదుటి మనిషి జేబులోంచి జారిపడింది.
తనేమన్నాడో నార్మన్‌కి తెలిసినట్టు లేదు.
తెలిసినా అనేవాడేనేమో,
గునపాల లెక్క తప్పు చెప్పలేని ముఖం అది.

ఐదింట నాలుగు ఓట్లు కావాలి.
ముగ్గురు సరే అన్నారు. ఒకాయన కుదరదన్నాడు, రూలు రూలే.
నేను షరతులు రాయించాను:
పొగగొట్టం అవతలి వైపుకి, కట్టెలు కంచెకి దూరంగా.
తర్వాత చెయ్యెత్తాను.
ఎత్తాక కాస్త భయమేసింది,
ఆ మూడో అడుగు ఎక్కడ పెడతారో అని.

కింద మెట్ల మీద ఎవరో ఉప్పు చల్లుతున్నారు.
అప్పీలుకి ఇరవై రోజుల గడువుంది.
నా ముందు గొడుగు తెరవబోతూ ఔనె అడుగుతోంది,
"ఎన్ని గునపాలన్నావ్?"
"రెండు."
"మూడు," అంది ఔనె. "మూడోది మాది."