దండాసి రాసిచ్చిన చీటీ

సిగరెట్ పెట్టె చింపి, లోపలి తెల్లటి వైపు
దండాసి లెక్క రాసిచ్చాడు:
క్లచ్ ప్లేట్లు, ప్రెషర్ ప్లేటు,
ఇంజను బోరు, పిస్టన్, రింగులు,
చాసీకి రెండు చోట్ల వెల్డింగు,
వెనక టైర్లు రెండూ.
అడుగున ముప్పై ఎనిమిది వేలు అని వేసి
కింద గీత మాత్రం గియ్యలేదు.
గీస్తే లెక్క అయిపోయినట్టట.
"ఇప్పినాక ఇంకేటి బయటపడతాదో
నానెలాగ సెప్పగలను?"

కాశీబుగ్గ షోరూములో కుర్రాడు
నా ఆటో చుట్టూ ఒక్కసారే తిరిగాడు.
జీడిగింజని రెండు వేళ్ల మధ్య పట్టి
గుండా, బద్దా, నూకా అని తేల్చే సేటు చూపు.
ముట్టుకోకుండానే ధర కట్టాడు.
ఎక్స్ఛేంజిలో ఇరవై రెండు వేలు,
మిగతాది ఫైనాన్సు,
మూడేళ్లు, నెలకి ఎనిమిది వేల ఆరొందలు.
ఏసీ గదిలో మంచినీళ్లిచ్చాడు.
గ్లాసు మీద నా గ్రీజు వేళ్లు దిగాయి.
లుంగీ అంచుతో తుడిచి పెట్టి వచ్చేశాను.

పదమూడేళ్లు.
హరిపురంలో చీకటుండగా బయల్దేరితే
జీడి ఫ్యాక్టరీ గేటు వేసేలోపు దిగాలి పదకొండు మంది.
పర్మిట్టు ఎంతమందికన్నది వేరే సంగతి.
సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు
వాళ్ల వేళ్ల జీడినూనె వాసన రెగ్జిన్‌కి పట్టి
ఏ సబ్బుకీ లొంగదు.
పట్టుకునే కమ్మీ నల్లబడింది చూశారా,
తుప్పు కాదది.
ఊర్మిళ, తులసమ్మ, బెహరా వాళ్ల కోడలు,
వాళ్ల అరచేతుల మచ్చ.
టాపు మీద సొట్ట తితిలీ నాటిది.
పడింది కొబ్బరిచెట్టు కాదు, పక్కింటి రేకు.
ఆ రేకు మా దొడ్లో మరుగుకి నిలబెట్టాం,
వాళ్లూ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ఇవన్నీ చెబితే ఆ కుర్రాడు
ఏ గడిలో వేసుకుంటాడు?

బండి మీద ప్రేమ అనుకునేరు.
అప్పంటే భయం, అంతే.
ప్రేమ అంటే వినడానికి బాగుంటుందని
రెండ్రోజులుగా నాకు నేనే అలా చెప్పుకుంటున్నాను.

రాత్రి చీటీ తీసి దాలమ్మ ముందు పెట్టాను.
చూడలేదు. అంట్లు తోముతూనే అడిగింది:
"కిందటి నెల్లో నువ్వు జొరమొచ్చి పడుకున్న ఆరు రోజులూ
బండి బాగానే ఉంది కదేటి?"
ఉంది.
"మరి ఇంటికి రూపాయి ఎందుకు రానేదు?"

దండాసి చీటీలో
ఆ పార్టు లేదు.

"క్లచ్చొకటీ సేయించు, మిగతాది ఒగ్గీ.
నాను నేర్చుకుంటాను.
రెండు సేతులు సంపాదిస్తే అప్పుడు సూద్దుము కొత్తది.
కొత్తదాని మీద నేర్చుకుని గీత పెడితే
నన్ను బతకనిస్తావేటి నువ్వు?
దీనికైతే గీత పడ్డానికి సోటేదీ?"

తెల్లారి దండాసికి చెబితే పడీ పడీ నవ్వాడు.
"కొత్త ప్లేట్లు, కొత్త సెయ్యి.
మూడు నెలల్లో మళ్లీ నా దగ్గిరికే!"

ఆదివారం, హైవే పక్క సర్వీసు రోడ్డు.
ఏడుసార్లు ఆగిపోయింది.
ఏడుసార్లూ నాకేసి కాదు, హ్యాండిల్ కేసి చూసింది.
ఎనిమిదోసారి
ఎద్దు తోక మెలేసినట్టు ఒక్క గెంతు గెంతి
కదిలింది.

నేను వెనక సీట్లో ఉన్నాను.
పదమూడేళ్లలో ఎన్నడూ కూర్చోని చోట,
ఆ నల్లటి కమ్మీ పట్టుకుని.
కుడి పక్కన స్ప్రింగు ఒకటి పైకి పొడుచుకొచ్చి
తొడలో గుచ్చుకుంది.
ఎవరు కూర్చునేవారో ఇక్కడ, ఇన్నేళ్లూ.
ఒక్కరూ చెప్పలేదు.

జేబులోంచి చీటీ తీశాను.
కుదుపుల్లో అక్షరాలు వంకర పోతుండగా
ముప్పై ఎనిమిది వేల కింద రాశాను:
వెనక సీటు, కుడి వైపు, స్ప్రింగు.