కదిలేటోని అడ్రసు

మక్తల్ బస్టాండు ఎదురుంగ, పంక్చర్ల షాపు పక్కన
నా దుకాణం.
డిష్షులు బాగుచేస్త. రిమోట్లు, చార్జర్లు కూడ.
"మాజీ సిగ్నల్స్ హవల్దార్" అని
మా అల్లుడు బోర్డు రాపిచ్చిండు.
నాలుగు వానలకు "మాజీ" ఒక్కటే మిగిలింది.

పొద్దున చాయ్ హోటల్ల
టీవీ కింద పట్టీ ఉరుకుతుంటే చూసిన:
సైన్యానికి కొత్త ఉపగ్రహ సెట్లు,
నడిచేటోనికి, ఉరికే బండికి,
నిధులు మంజూరు.
ఎన్ని కోట్లో చదివేలోపల
పట్టీ పత్తి ధరకు పోయింది.

ఆ ఫైలు నాకెరుకే.
ఢిల్లీల రెండేండ్లు నేనే టైపు కొట్టిన దాన్ని.
పోయేది, పచ్చసిరా ప్రశ్నతోని వాపసొచ్చేది:
"ఉన్న సెట్లు పనిచేస్తలేవా?"
పనిచేస్తున్నయ్ సార్,
మనిషి నిలబడితే.

నిలబడుడంటే ఏందో చెప్త.
పదహారు కిలోల పెట్టె వీపుమీదికెల్లి దించాలె,
గొడుగు లెక్క యాంటెన్నా విప్పాలె,
దిక్సూచి పెట్టి దక్షిణం వెతకాలె,
ముప్పైఆరు వేల కిలోమీటర్ల మీద
జాగ ఇడువకుంట కూసున్న ఒక్క చుక్కకు
దాని మూతి సరిగ్గ చూపాలె.
బ్యాటరీ చలికి సస్తది, అందుకని
రాత్రంత చంకల పెట్టుకొని పండాలె.
అప్పుడు హలో అంటే
అర సెకను ఆగి
అవతల ఎవరో ఉన్నరు.

ఖోలియా నా జోడీదారు. కుమావ్ పిలగాడు,
పచ్చిమిరపకాయ కొరికి ఏడ్చుకుంట నవ్వేటోడు.
మంచు జారిన రోజు పార్టీ నడుస్తున్నది.
నడుస్తున్నది గనుక సెట్టు మూసి ఉన్నది.
క్యాంపుల నేను చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని
వాళ్లు ఎప్పుడు ఆగుతరా అని చూస్తున్న.
ఆగిన్రు.

"అవసరం ఎందుకు" అనే గడిల
ఇది రాయరాదు.
"చలనంలో నిరంతర సంబంధం" అని కొట్టిన.
మేజర్ సాబు "నిరంతర" తీసేసిండు,
ఖర్చు ఎక్కువ కనపడుతదని.

ఆ గడి నాకు అప్పుడే కొత్త కాదు.
మా నాయిన ఉశన్న, గుంపు మేస్త్రి కింద
ఎవరెవరి దేశాలకో కట్టలు పోసినోడు.
మాయమ్మ పోయిననాడు
పోస్టుమాస్టరు టెలిగ్రాం ఫారం ముందటేసుకొని
అడ్రసు అడిగిండు.
కాల్వ మీద ఉన్నడు, అన్నం.
ఏ కాల్వ?
మొన్నటిదాంక నర్మద దిక్కు సారు,
ఇప్పుడు కాల్వ ముందటికి జరిగిందంట.
ఆయన కలానికి టోపీ పెట్టిండు.
దసరా దాటినంక నాయిన దిగిండు,
భుజమ్మీద స్టీలు బిందె,
బిందె మీద ఆమె పేరు చెక్కిచ్చి.
అది ఇప్పుడు నా దుకాణంల తాగేనీళ్లకున్నది.
గిరాకీలు పేరు చదివి, ఎవరని అడుగరు.

కోట్లంటే నాకింక భయమే.
మా ఊరి కాల్వ ఫైలు కూడ
ఏ బల్ల మీదనో పచ్చసిరా కింద పండుకున్నది.
ముందు దేనికి పెట్టాలె అంటే
ఖోలియా తల్లి ఒకటి చెప్తది,
ఎండిన బోరు ఇంకొకటి చెప్తది.
రెండింటి నడుమ నిలబడి
నేను సోల్డరింగు కడ్డీ వేడిచేసుకుంట.

అయినా, పట్టీ మల్లొస్తదేమోనని
రెండో చాయ్ చెప్పిన.
సెట్టు ఇప్పుడు అరచేతిల పడుతదంట.
కొండ మలిగినా తెగదంట.
ఎవడో పిలగాడు ఉరుక్కుంటనే
"మంచు జారుతున్నది" అని అనొచ్చు.
అర సెకనుకు
ఎవడో ఇంటడు.

పగటీలి తాయప్ప ఇంటి మీదికెక్కిన,
గాలికి తిరిగిన డిష్షు సరిచేయనీకి.
అక్కడా మూతి దక్షిణానికే పెట్టేది.
పెట్టినప్పుడల్లా
మా ఊరికి వేలు చూపిచ్చినట్టుండేది.
ఇక్కడా దక్షిణమే, రవ్వంత తూర్పుకు;
తల ఇంకొంచెం ఎత్తాలె, అంతే.

కింద టీవీ ముందట జములమ్మ కేకేస్తున్నది:
రాలే... రాలే...
ఆ, వచ్చింది!
అన్నా, ఇగ కదలకు.