అరువిస్తాను గానీ

లోపలికి రా మాక్సాన్స్, బూట్లు అక్కడే విప్పు.
మూడు రోజుల మంచువాన
మీ పెరటి మేపుల్‌కి గాజు తొడుగు వేసిందని
వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.
రాత్రంతా కొమ్మలు విరుగుతుంటే
ఎవరో పింగాణీ బీరువాను
మెట్ల మీంచి దొర్లిస్తున్నట్టు చప్పుడు.

రంపం కావాలంటావు.
అరువిస్తాను గానీ
ముందు కాఫీ తాగు, తాగినంతసేపూ విను.
ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని,
కూర్చున్నవాళ్ళకి చెప్పడం నాకలవాటు.

ఇదిగో, మూడు ముక్కల కర్ర. బిగిస్తే నీకు రెండింతలు.
కొసన జానెడు నాలుక, దాని చుట్టూ గొలుసు.
పెట్రోలు వాసన లేదు, తాడు లాగే పని లేదు,
మీట నొక్కేదాకా పిల్లిలా పడుంటుంది.
దాంతో చిక్కు కూడా అదే,
ఊరికే ఉంది కదా అని వేలు పెడతాం.
గొలుసు ముట్టుకోవాలంటే
ముందు బ్యాటరీ ఊడదీసి జేబులో వేసుకో.
బల్ల మీద కాదు. జేబులో.

పళ్ళు ఎటు చూస్తున్నాయో చూసి మరీ తొడుగు.
కిందటేడు మీ మావయ్య తిరగేసి తొడిగి
అరగంటసేపు కొమ్మను పాలిష్ చేశాడు,
పొగ చూసి నేనే పరుగెత్తాను.
వేలితో లాగితే కాస్త లేవాలి,
వదిలితే టక్కున గాడిలో కూర్చోవాలి.
నూనె చలికి చిక్కబడుతుంది,
తెల్ల అట్టముక్క ముందు ఒకసారి తిప్పు,
దాని మీద సన్నటి చార పడాలి.

ఇప్పుడీ భుజం చూడు.
అల్మారాలో పై అర ఇక నాది కాదు.
నాలుగేళ్ళ కిందట, ఇదే నెల,
కొమ్మకి సరిగ్గా కింద నిలబడ్డాను,
కర్ర నిటారుగా ఎత్తితే సులువనిపించి.
తెగిందని తెలిసేలోపే
మీద పడింది.
మంచులో వెల్లకిలా ముప్పావుగంట.
పక్కనే రంపం, దాని ఒంటి మీద
మూడు పచ్చ దీపాలు, ఇంకా బోలెడు ఓపికుందంటూ.
ఉత్తరాల ఎవారిస్ట్ ఆలస్యంగానైనా వచ్చి
షెర్బ్రూక్ ఆసుపత్రికి చేర్చాడు కాబట్టి
ఇవాళ నీకీ కాఫీ.

అందుకని పక్కకి నిలబడు, కర్ర ఏటవాలుగా పట్టు.
వెనక్కి తప్పుకునే దారి ముందే తవ్వుకో,
పార తీసుకుని, నిజంగానే తవ్వుకో.
చూడ్డానికి మీ చెల్లెలొస్తే
రెండు కర్రల దూరంలో ఆపు.
మొదట కింది నుంచి చిన్న గాటు,
తర్వాత బెత్తెడు అవతల పైనుంచి కోత,
అప్పుడు బెరడు మాను దాకా చీరదు.
మిగిలిన మోడు ఆఖర్న.
మెడ దగ్గరి ముడతను మాత్రం ముట్టుకోకు,
చెట్టు గాయం పూడ్చుకునేది దాంతోనే.
టోపీ, కళ్ళద్దాలు ఆ మేకుకున్నాయి.

ఆ వీధి వైపు కొమ్మ,
తీగ మీద వాలింది చూశావా, అది నీది కాదు.
ఊరంతా కరెంటు లేదు కదా అంటావు.
తీగ చచ్చిందని ఎవరు చెప్పారు, నిద్రపోతుందేమో.
వాళ్ళకి ఫోన్ చేశాను, శుక్రవారమట.
అప్పటిదాకా పొయ్యి మీద బఠాణీ సూప్ కాచుకుందాం,
కొవ్వొత్తులు నా దగ్గర డజను.

బ్యాటరీ కోటు లోపల పెట్టుకెళ్ళు,
చలికి దాని ప్రాణం సగమవుతుంది.
ఛార్జింగ్ శుక్రవారం తర్వాతే,
అదీ గదిలో వెచ్చబడ్డాక.
ఉన్నవి మూడు దీపాలు. పొదుపుగా.

తెచ్చిచ్చేటప్పుడు నీ చేతుల మడతల్లో చూస్తాను.
ఓట్స్ లాంటి పెళ్ళలుంటే సరే.
పిండిలా పొడి ఉందంటే
పదును పోయిన గొలుసును బలంతో నొక్కావన్నమాట.
అప్పుడు ఆకురాయి ఇస్తాను,
ఇదే కుర్చీలో కూర్చుని
ఒక్కో పంటికి మూడేసి సార్లు, ఒకే వైపుకి.
ఇరవై పళ్ళు.
లెక్క తప్పితే మళ్ళీ మొదట్నుంచి.