రొట్టెల కొట్టు తలుపు మీద అంటించిన కాగితం

సియెర్రా నెవాడా మీద మంచు కరగడం మొదలైంది.
ఏప్రిల్ రెండో శనివారం, పొద్దున ఏడింటికి
పైకాలువ పూడికతీత.
ఇంటికొకరు రావాలి.
పార, నీళ్ళసీసా, పాత బూట్లు.
ఇంతవరకూ ఏటా రాసేదే.

ఈసారి కుర్రకారును పిలుస్తూ
నాలుగు ముక్కలు చేర్చమంది నీటి సంఘం.
"యువతే రేపటి వెలుగు" అని రాసి చూశాను.
రాసిన చేతికే ఆవులింత వచ్చింది.
కొట్టేశాను.

ఉన్నదున్నట్టు రాస్తాను.
నిరుడు పదకొండుగురం వచ్చాం.
అందరిలోకీ చిన్నదాన్ని నేనే. నాకు యాభై ఎనిమిది.
యూఫ్రాసియో మోకాలికి గుడ్డ చుట్టుకుని
ఒక్కో రాయి పెకలించి, దాని మీదే కూర్చుని,
ఆయాసం తీరాక
మళ్ళీ దాన్నే పక్కకు దొర్లించాడు.
తొమ్మిది కిలోమీటర్ల కాలువ.
ఆరు దగ్గర ఆగిపోయాం.
మిగతా మూడింటి సంగతి
ఆగస్టులో మీ అమ్మ టమాటా మడి చెప్పే ఉంటుంది.

కసిల్దా, ఆ రోజు నువ్వు
మేడ మీంచి మమ్మల్ని చూసి చెయ్యి ఊపావు.
నేనూ ఊపాను.
కోపం లేదు. పదిహేడేళ్ళప్పుడు నేనూ
కడుపునొప్పని ముసుగు తన్నినదాన్నే.
మా నాన్న దుప్పటి లాగలేదు, అరవలేదు.
గుమ్మానికి ఒక చిన్న పార ఆనించి వెళ్ళిపోయాడు.
అరగంట దాన్ని చూశాను.
అదీ నన్ను చూసింది.

ఆ పని నచ్చిందని అబద్ధమాడను.
అరచేతులు బొబ్బలెక్కాయి. ముళ్ళపొద చెంప గీరింది.
మధ్యాహ్నం రొట్టె, ఉల్లిపాయ, సాసేజ్
అందరం ఒకే కత్తితో కోసుకు తిన్నాం.
గోడ తగాదాతో మాటల్లేని రెండిళ్ళవాళ్ళు
ఒకే బండను చెరోవైపు పట్టి
"ఎత్తు" అన్నాడొకడు, "దించు" అన్నాడొకడు.
పన్నెండేళ్ళలో వాళ్ళ మధ్య అవే మొదటి మాటలట.

సాయంత్రం పైన తూము ఎత్తారు.
నీళ్ళ ముందు ఎవరో ఒకరు నడవాలి,
అడ్డం పడ్డవి తీస్తూ.
అప్పుడూ అందరిలోకీ చిన్నదాన్ని నేనే.

నీళ్ళకు ముఖం ఉంటుందని ఆ రోజే తెలిసింది.
బూడిదరంగు నురగ, ఎండాకులు, చెస్ట్‌నట్ పొట్టు,
ముడుచుకున్న ఒక పురుగు,
అన్నిటినీ ముందుకు నెట్టుకుంటూ
ఎవరో చీపురుతో మెల్లగా ఊడుస్తూ వస్తున్న చప్పుడుతో
నా మడమల వెనకే వచ్చింది.
నేను ఆగి ఒక కొమ్మ లాగితే
అదీ ఆగి, నిండి, మళ్ళీ కదిలింది.
చీకటి పడింది. దీపం లేదు.
చెవులతోనే దారి చూసుకున్నాం, నేనూ అదీ.

ఇంకో సంగతి. ఈ కాలువ కారుతుంది.
వెయ్యేళ్ళ కిందట తవ్వినవాళ్ళు
కావాలనే అడుగున సున్నం పూయలేదు.
సగం నీళ్ళు దారిలోనే కొండ తాగేస్తుంది.
కుర్ర ఇంజనీరొకడు వచ్చి, వృథా అన్నాడు.
యూఫ్రాసియో వాదించలేదు. జులైలో మళ్ళీ రమ్మని
కింది లోయకు తీసుకెళ్ళి,
కాలువ జాడే లేని చోట, రాతిసందు ముందు కూర్చోబెట్టి
గ్లాసు చేతికిచ్చాడు.
ఆ ఊట తాగే ఊళ్ళో
మన పేర్లు ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

పైన సిగ్నల్ ఉంటుందా అని అడిగాడు అమదోర్.
నాలుగో కిలోమీటరు దగ్గర చెట్టెక్కితే ఒక గీత వస్తుంది.
డబ్బులిస్తారా? ఇవ్వరు.
భోజనం ఉంది, నా చేతి ఎండుచేప కూర.
బాగుందని చెప్పక్కర్లేదు.

ఈ ఏడు యూఫ్రాసియో రాడు. మోకాలికి ఆపరేషన్.
తన పార పంపాడు.
నలభై ఏళ్ళు బొటనవేలు ఆనిన చోట
పిడికి చిన్న గుంట పడింది.
ఈ తలుపు పక్కనే ఆనించాను.
రొట్టెకు వచ్చినప్పుడు, ఊరికే,
మీ వేలు అందులో పడుతుందేమో చూసుకోండి.

శనివారం. ఏడింటికి.
నీళ్ళ ముందు నడిచేవాళ్ళ గడి
ఇంకా ఖాళీగానే ఉంది.

                రెమెదియోస్, ఊరి నీరటి