లెన్స్ లేదంటది

ఎర్రగడ్డ ఆదివారం సంతల
తుప్పు తాళాల కుప్పకు, రిమోట్ల కుప్పకు నడుమ
గోనెపట్టా మీద దొరికింది.
నాలుగొందలు చెప్పిండు, రెండొందల యాభైకి తెగింది.
చుట్టూ రష్యా అక్షరాలు. ముందు గాజు మీద ఒక గీత.
లోపల ఒక మూలకు బూజు,
ఉసిరాకంత గూడ లేదు.

ఇంటికొచ్చి చూస్తే దీని మెడ వేరు, కెమెరా నోరు వేరు.
ఇదేమో మరలున్న పాత ఇనుము,
నాదేమో అరచేతిల ఒదిగే డబ్బా,
లోపల అద్దం లేదు, లేచి పడే చప్పుడు లేదు.
రెండిటికీ పొత్తు కుదరాలంటే నడుమ రింగు కావాలె.

కోఠిల గుజరాతీ గల్లీ, చీకటి మెట్లు,
కంటికి భూతద్దం తగిలించుకున్న ముర్తుజా సాబ్
చాయ్ చల్లారేదాక తలెత్తలే.
"రింగుదేముందమ్మా, దొరుకుతది.
లూజుంటె ఏం జేస్తవో అది చెప్పు."
నేను చెప్పకముందే డ్రాయరు గుంజి
ఒక పాత నెగెటివ్ ముక్క కత్తిరించి
రింగు లోపలి గోడకు చుట్టిండు.
ఎవరిదో పెండ్లి.
ఎప్పటి పెండ్లికూతురో, వడ్డాణంతో సహా
నా లెన్స్ ఊగకుండ పట్టుకొని కూసున్నది.

ఆన్ చేసిన.
లెన్స్ లేదు, అన్నది కెమెరా.
పావుకిలో బరువు ముఖం మీద మోస్తూ అన్నది ఆ మాట.
పేరు చెప్పే బంగారు చుక్కలు లేవు కద దీనికి,
రేషన్ కార్డు లేనోన్ని కౌంటర్ కాడ చూసినట్టు చూసింది.
మెనూల ఏడో పేజీ, కింది నుంచి రెండోది:
లెన్స్ లేకున్నా తియ్యనియ్యాల్నా?
అవును, నొక్కిన.

నేను నారాయణగూడల కట్టుడు పండ్లు చేసేదాన్ని.
చేతుల ఏది సరిగ పట్టకున్నా నాకు నిద్ర రాదు.
ఈ డబ్బా మీద చిటికెన వేలికి జాగ లేదు,
గాలిల ఏలాడుతుండె పాపం.
లాబుల మిగిలిన గులాబి రంగు పొడి కలిపి
పిండి ముద్దైనంక గట్టిగ పిడికిలి బిగించిన.
ఆరినంక అరగదీసి మెరుగు పెట్టిన.
"కెమెరాకు చిగుర్లొచ్చినయ్ గద,
పండ్లెప్పుడు పెడ్తవ్?" అన్నడు సుగుణాకర్.
నవ్వుకోనీ.
బొటనవేలి కిందున్న వీడియో బటన్ కు
పెద్దగ చూపెట్టే పని అప్పజెప్పిన.
ఇగ మొజంజాహి మార్కెట్ కు పోయిన.

అన్నీ నేనే తిప్పాలె. మెల్లగ.
తెర మీద ఎర్రచీమల బారు కదుల్తది:
ముందు సీతాఫలం మీద, ఆయింత అమ్మేటామె చెవిపోగు మీద,
ఇంకొంచెం తిప్పితే ఆమె కనురెప్ప మీద.
వెనక బల్బులు గిర్రున తిరిగినయి.
"తీసినవా, తీసినవా" అని మూడుసార్లు అడిగింది.
తియ్యలే ఇంకా. చూస్తున్న.

మౌలాలి గుట్టెక్కిన దినం తెలిసింది,
దూరం దీనికి అందదని.
పండుకున్న ఎనిమిది గుర్తు దాక తిప్పినా
ఊరు తడిగుడ్డల చుట్టినట్టే ఉన్నది.
రింగు వెంట్రుకవాసి మందం.
వెంట్రుకవాసి నాకు కొత్తనా?
నోట్లె నీలి కాయితం పెట్టి కరువుమంటం,
మరక పడ్డకాడ గీకుతం, మళ్ల కరువుమంటం.
అట్లనే తొమ్మిదిసార్లు.
గీకే ముందు నెగెటివ్ ముక్క ఊడదీసి
కిటికీ వెలుతురుకు పట్టిన.
నల్లటి మొఖం, తెల్లటి జడ.
ఎవరి దిక్కో తిరిగి నవ్వుతున్నది,
ఆయన కత్తెరకు అవతల ఉండిపోయిండు.

ఆరోజు రాత్రి గుట్ట మీంచి
రైల్వే లైన్ల దీపాలు ఒక్కొక్కటి విడివిడిగ వచ్చినయి.
బూజున్న మూల మాత్రం రాలే.
ఆమెను ఎట్లున్నదట్లనే చుట్టి పెట్టిన,
మొఖం లోపలికి.
ఆన్ చేసిన ప్రతిసారి లెన్స్ లేదంటనే ఉంటది.
ఊపి చూస్త.
లూజు లేదు.